పిలిస్తే పలికిన రాజమండ్రి

(మే 17, ప్రపంచ టెలికాం దినోత్సవం నాడు రాజమహేంద్రవరంలో విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగుల కలయికలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు బాబూ. ఆఁ, చాలు.

1865లో ఇదే రోజున పారిస్‌లో టెలిగ్రాఫు ఒప్పందం మీద దేశాలు సంతకాలు పెట్టిన సంగతి ఇందాక మన కార్యదర్శిగారు చెప్పారు. ఫైబరు గురించీ, 5జీ గురించీ మిగతావాళ్లు చెప్పారు. నేను ఒక మనిషి గురించి చెప్పుకోడానికి వచ్చాను. ఆ మనిషి ఇక్కడే ఉన్నారు. మొదటి వరుసలో ఆ చివర, తెల్ల చొక్కా, ఒళ్లో గొడుగు. పేరు చెప్పొద్దని నిన్ననే నా దగ్గర మాట తీసుకున్నారు. మా మధ్య పేర్లతో పెద్దగా పని పడలేదు కూడా. నేను ఆయన్ని అయిదేళ్లపాటు ‘రాజమండ్రి’ అని పిలిచాను. ఆయన నన్ను ‘అమలాపురం’ అన్నారు. తరవాత్తరవాత గురువుగారూ అనడం అలవాటైంది. మా గోదావరి జిల్లాల్లో అది మామూలు పిలుపే, కానీ నేను అన్నప్పుడు మామూలుగా అనలేదు.

ఇక్కడ కొంతమంది పిల్లలున్నారు, వాళ్లకోసం రెండు ముక్కలు. అప్పట్లో పక్క ఊరికి ఫోన్ చెయ్యాలంటే నంబరు నొక్కితే అయ్యేది కాదు. 180కి చేసి ట్రంకు కాల్ బుక్ చేసుకోవాలి. ఆపరేటరు చిన్న టికెట్టు మీద రాసుకుంటాడు, ఏ ఊరు, ఏ నంబరు, ఆర్డినరీయా, అర్జెంటా. అర్జెంటుకి రెండింతలు డబ్బు. ఫలానా మనిషి ఉంటేనే కలపమంటే అది పీపీ కాల్. ఊళ్ల మధ్య స్తంభాల మీద రాగి తీగలు. ఆ తీగల మీద ఒకేసారి పోయే మాటలు చాలా కొద్ది. కాబట్టి వరుసలో నిలబడాలి, గంటలు గంటలు. లైన్లు కలిపే నా బోర్డు మీద నేను ప్లగ్గు గుచ్చి రింగు ఇస్తే, అవతల ఊళ్లో ఇంకో ఆపరేటరు బోర్డు మీద దీపం వెలుగుతుంది. అతను పలికితేనే కాల్ ముందుకు పోతుంది. పలక్కపోతే ఇక్కడ నేను ఎంత గొప్పవాడినైనా ఏమీ చెయ్యలేను.

నేను 1981లో అమలాపురంలో చేరాను. ఇరవై ఒక్కేళ్లు. గోదావరి మధ్య దీవుల్లో, లంకల్లో పుట్టినవాణ్ణి, మా ఊళ్లో పోస్టాఫీసులో తప్ప ఫోన్ చూడలేదు. రెండో వారంలోనే నైట్ డ్యూటీ వేశారు. ఆ రాత్రి నేను రాజమండ్రికి రింగు ఇచ్చి, వణుకుతూ, శిక్షణలో నేర్పిన ఇంగ్లీషు వాక్యం మొత్తం అప్పచెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తరవాత ఒక గొంతు, బాగా కింద స్థాయిలో, తొందర అన్నది లేకుండా, “కొత్తా? సరే. నంబరు చెప్పు అమలాపురం. నెమ్మదిగానే చెప్పు, నేనెక్కడికీ పోను” అంది.

నేనెక్కడికీ పోను అన్న మాట ఆ క్షణానికి ఏదో ధైర్యం చెప్పడానికి అన్నారనుకున్నాను. అన్న మాట అన్నట్టే ఇన్నేళ్లూ నిలబడుతుందని అప్పుడేం తెలుస్తుంది!

ఆయన నాకు పని నేర్పారు. ఏ గంటలో ఏ లైను ఖాళీ అవుతుందో, వాన పడుతుంటే ఏ తీగ మీద గొంతు మునిగిపోతుందో, కాకినాడ దొరక్కపోతే ఎటు తిప్పి కలపాలో, అవన్నీ నాకు ఆయన గొంతులోంచే వచ్చాయి. అవి ఏ ఆపరేటరైనా నాలుగేళ్లకి నేర్చుకునేవే. నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది.

చేరిన ఏడాదికి ఒక తప్పు చేశాను. ట్రంకు కాల్‌కి మూడు నిమిషాలు ఒక లెక్క. మూడు నిమిషాలవగానే మధ్యలోకి వెళ్లి “త్రీ మినిట్స్ ఓవర్, పొడిగిస్తారా” అని అడగాలి. ఆ సాయంత్రం టికెట్లు గుట్ట పడి ఉన్నాయి. ఒకావిడ ఎక్కడో ఆస్పత్రిలో ఉన్నవాళ్లతో మాట్లాడుతోంది. నేను ‘ఓవర్’ అన్నాను, జవాబు రాలేదు, లాగేశాను. పొడిగిస్తావా అని అడిగాననే అనుకున్నాను. అడగలేదు. ఆవిడ జవాబు చెప్పకపోవడానికి కారణం ఏడుస్తూ ఉండటం. అవతల బోర్డు మీద ఉన్నది ఆయనే.

ఆయన అప్పుడేమీ అనలేదు. లైను ఊరికే వదిలెయ్యలేదు, అవతలి పక్కని అలాగే పట్టుకుని ఉంచి “మళ్లీ రింగివ్వు” అన్నారు, కలిపించారు. రద్దీ తగ్గాక, రాత్రి ఎనిమిదింటికేమో, ఆయనే పిలిచారు. “అమలాపురం, మనం వాళ్ల మాటలు వినకూడదు. అది రూలు. కానీ ఏడుపు మాట కాదు కదా. ఏడుపు వినబడితే ఒక్క ఊపిరి ఆగు. ఆగాక అడుగు. ఆ ఊపిరికి మనల్ని ఎవరూ ఉద్యోగంలోంచి తియ్యరు.” అంతే అన్నారు. తరవాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

చావు కబుర్ల కాల్స్ ఎలా కలపాలో కూడా అలాగే చెప్పారు. పీపీ కాల్‌లో ఆడమనిషిని పిలవమన్నారనుకోండి, అర్ధరాత్రి. కబురు ఏదో మనకి టికెట్టు రాసేటప్పుడే అర్థమైపోతుంది. మనం చెప్పకూడదు, అది మన నోటి నుంచి రాకూడని మాట. కానీ కలిపే ముందు “అమ్మా, పక్కన ఎవరైనా ఉన్నారా, ఉంటే పిలవండి, లైను కొంచెం దూరంగా ఉంది” అనాలి. ఆ పక్కమనిషి వచ్చాక కలపాలి. ఇది ఏ శిక్షణలోనూ లేదు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పాటించాను, నా తరవాత వచ్చిన పిల్లలకి చెప్పాను. ఈ హాల్లో కనీసం ముగ్గురు నా దగ్గర విన్నవాళ్లున్నారు. మీరు నా దగ్గర విన్నారనుకుంటున్నది ఆయన దగ్గర విన్నది.

రాత్రి రెండు దాటాక బోర్డు చల్లబడేది. అప్పుడు ఆయన ఒక ప్రశ్న అడిగేవారు, తప్పకుండా. “ఏం తిన్నావు ఇవాళ?” నేను చెప్పేవాణ్ణి. మా అమ్మ ఏం వండిందో, అందులో ఏం వేసిందో. పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలుపుతుంది, పొయ్యి మీద ఉండగానా, దించాకా? చింతపండు ఎంత? ఇలా కూడా అడిగేవారు. నాకు నవ్వొచ్చేది, ఈయనకి తిండి మీద ఇంత ధ్యాసేంటీ అనుకునేవాణ్ణి. నా గోడు అంతా ఆయనకి చెప్పుకున్నాను, సంబంధాలు కుదరడం లేదనీ, మా నాన్నతో పడటం లేదనీ. అయిదేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, “మరి మీరేం తిన్నారు” అని నేను అడగలేదు. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

1986. ఆ ఏడు ఆగస్టు 15 శుక్రవారం. జెండా పండగా, వరలక్ష్మీ వ్రతమూ ఒకే రోజు పడ్డాయి. పై నుంచి గోదావరి దిగుతోంది. భద్రాచలంలో 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక అని మీకందరికీ తెలుసు. ఆ ఏడు అక్కడ 75 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర 16వ తారీఖున 35 లక్షల క్యూసెక్కులు వదిలారు. కోనసీమవాళ్లం, పుట్టిన దగ్గర్నుంచి వరద చూసినవాళ్లం. ఏటా వచ్చేదే అని మా పెద్దవాళ్లు లంకలోనే కూర్చున్నారు. మా అమ్మ పూజ చేసుకుంటోంది.

నేను బోర్డు మీద ఉన్నాను. ఒకటే కాల్స్. కలెక్టరాఫీసు, ఇరిగేషను, పోలీసు, కొత్తగా ఏర్పడిన మండలాఫీసులు. వాటికి దారి ఇవ్వాలి, మిగతావన్నీ ఆగాలి. మధ్యలో ఆయన గొంతు, “అమలాపురం, రాసుకో” అంటూ ధవళేశ్వరం నీటిమట్టం చెప్పారు. గంట పోయాక మళ్లీ. గంటగంటకీ. నేను ఆ అంకెలు కాగితం మీద రాసి, ఎవరు అడిగితే వాళ్లకి చదివాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆయన ఎలాంటి మనిషో దీనిలోనే ఉంది. ఆ బోర్డు మీద కూర్చున్నవాడికి ఇంజనీర్లు ఒకరితో ఒకరు చెప్పుకునే అంకెలు చెవిన పడుతూనే ఉంటాయి. ఆయన వాటిని నాకు చెప్పలేదు. చెవిన పడ్డది చెప్పకూడదు కనక, తనే వరదల కంట్రోల్ రూముకి ఫోన్ చేసి, ఫలానా ఆపరేటర్ని, కోనసీమకి చెప్పుకుంటాం, మట్టం చెప్పండి అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పారు. ప్రతి గంటా అలాగే అడిగారు. అంత ఒత్తిడిలో! ఎవరు చూడొచ్చారు? నేను తరవాత అడిగితే, “అడిగితే చెప్పేదాన్ని దొంగతనంగా వినడం ఎందుకోయ్” అన్నారు.

రాత్రి ఆయన మట్టం చెప్పి, ఆగి, “మీ అమ్మావాళ్లు ఎక్కడున్నారు?” అన్నారు. లంకలోనే ఉన్నారండి అన్నాను. “ఇప్పుడే పిలువు. నేను ఈ లైను రెండు నిమిషాలు చూసుకుంటాను. నీ పని ఇది కూడా.” మా ఊరి పోస్టాఫీసుకి రింగిచ్చాను. పోస్టుమాస్టరుగారు ఆఫీసులోనే పడుకున్నారు, దేవుడిలా. నేను అంకె చెప్పాను. ఆయన లాంతరు పట్టుకుని మా ఇంటికి నడిచి వెళ్లారు. మా నాన్న మొండివాడు. కదలమంటే కదలడు. కానీ ‘వరద ఎక్కువొస్తోంది’ అంటే కదలనివాడు ‘గంట కింద ఇంత, ఇప్పుడు ఇంత’ అని అంకె చెబితే లేచాడు. తెల్లారేలోపు రెండు ఆవుల్ని తోలుకుని, పడవ మీద అవతలి గట్టుకి, అక్కడి నుంచి బడి మేడ మీదికి చేరారు. మర్నాడు మా వీధిలో ఇళ్ల చూరు దాకా నీళ్లు.

16వ తారీఖు మధ్యాహ్నం లైను పోయింది. ఏటిగట్లు తెగాయి, స్తంభాలు పడిపోయాయి. ప్లగ్గు గుచ్చి రింగిస్తే చెవిలో ఏమీ లేదు. గరగర కూడా లేదు. పాతికేళ్లు దాటినవాణ్ణి, బోర్డు ముందు కూర్చుని ఏడ్చాను, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

లైను మళ్లీ బతికిన రోజు దీపం దానంతటదే వెలిగింది. నేను పలికేలోపే, “అమలాపురం, పలుకుతున్నావా?” పలుకుతున్నానండి. “మీ అమ్మావాళ్లు?” చెప్పాను. “నువ్వు ఏవన్నా తిన్నావా?” నాకు గొంతు రాలేదు. ఆయన ఆగారు. ఒక్క ఊపిరి కాదు, చాలా ఆగారు. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా ఆ లైను మీద అలా ఉన్నాం. వరుసలో ఎన్ని కాల్స్ ఉన్నాయో!

సెప్టెంబరులో సెలవు పెట్టి బస్సెక్కి, రావులపాలెం మీదుగా రాజమండ్రి వచ్చాను. ముందు చెప్పలేదు. ఎక్స్‌ఛేంజిలో మీవాణ్ణేనని చెబితే లోపలికి పంపారు. పెద్ద గది. వరసగా వీపులు నా వైపు, అందరి చెవులకీ హెడ్‌సెట్లు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ముఖం తెలీదు, వీపు ఏం తెలుస్తుంది? కళ్లు మూసుకుని నిలబడ్డాను. చివరి నుంచి మూడో కుర్చీ. నా మనసులో ఆయన ఆరడుగుల మనిషి. చూస్తే బక్కపల్చటి మనిషి, కాళ్లు నేలకి సరిగ్గా ఆనడం లేదు. కాల్ మీద ఉన్నారు, కదిలించకూడదు కదా, వెనకాలే నిలబడ్డాను. అప్పుడు ఆయన నా సీట్లో ఉన్న ఇంకో అమలాపురంతో అంటున్నారు, “మావాడేడోయ్, రెండు రోజులుగా గొంతు లేదు? ఒంట్లో బాగుందా?”

“బాగానే ఉందండి రాజమండ్రీ” అన్నాను వెనక నుంచి.

డ్యూటీ దిగాక ఇన్నీసుపేటలో ఇంటికి తీసుకెళ్లారు. రెండు గదులు. మంచం మీద వాళ్లమ్మగారు, పక్షవాతం, అప్పటికి ఏడేళ్లుగా. ఆయనే స్నానం చేయించి, ఆయనే వండి, తినిపించి డ్యూటీకి వచ్చేవారు. ఆవిడది మా కోనసీమే. కొడుకు చేతి వంటలో పుట్టింటి రుచి కావాలని అడిగేవారట. ఆవ దించాక కలపాలా, పొయ్యి మీదే కలపాలా అని అర్ధరాత్రి ఆయన నన్ను అడిగింది అందుకు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మాట స్పష్టంగా రాదు, కూడబలుక్కుని, “మీ అమ్మ కూర బావుంటుంది బాబూ” అన్నారు. మా అమ్మని ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

నేను అయిదేళ్లు అడగని ప్రశ్న అదీ.

తరవాత సంగతులు మీకందరికీ తెలిసినవే. ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజిలు వచ్చాయి, ఆపరేటరు అక్కర్లేకుండా నేరుగా వేరే ఊరికి చేసుకునే ఎస్టీడీ బూత్‌లు వీధివీధికీ వచ్చాయి, ట్రంకు బోర్డుల ముందు కుర్చీలు ఖాళీ అయ్యాయి. నన్ను రాజమండ్రి 197కి, అడిగినవాళ్లకి ఫోన్ నంబర్లు చెప్పే డైరెక్టరీ ఎంక్వయిరీకి మార్చారు. ఆయన పక్క కుర్చీయే దొరికింది. ఎంత సంతోషించానో! కానీ వింతేమిటంటే, పక్కపక్కన కూర్చుంటే మాటలు రాలేదు మాకు. ముఖం చూస్తూ ఎలా మాట్లాడాలో తెలీలేదు. ఆయన ఏదన్నా ముఖ్యమైంది చెప్పాలంటే కుర్చీ కొంచెం గోడవైపు తిప్పుకుని చెప్పేవారు. నేను బల్ల వైపు చూస్తూ వినేవాణ్ణి. వాళ్లమ్మగారు పోయారని అలాగే, గోడవైపు తిరిగి చెప్పారు. చెప్పి, నేను అడక్కముందే, “చివరి రోజు దాకా తిన్నదోయ్” అన్నారు. మాకు చూపులు కలవడానికి రెండేళ్లు పట్టింది. స్నేహం అంటే ముందు ముఖాలూ, తరవాత మనసులూ అంటారు, మాది తిరగబడి నడిచింది.

2000 అక్టోబరులో మనం బీఎస్ఎన్ఎల్ అయ్యాం. 2012లో ఆయన రిటైరయ్యారు. నాది 2020 జనవరి 31. అదే రోజు స్వచ్ఛంద విరమణ తీసుకుని దేశమంతటా 78 వేలమందికి పైగా బయటికి వచ్చారు, ఇక్కడ సగం మంది ఆ రోజు వచ్చినవాళ్లే. గది గది ఖాళీ. దండలు తక్కువ పడ్డాయి, ఉపన్యాసాలకి మనుషులు లేరు. సాయంత్రం నేను బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే తలుపు దగ్గర గొడుగు కనబడింది. జనవరిలో గొడుగు. ఏం మాట్లాడలేదు. నా పక్క కుర్చీ లాక్కుని, పాత చోటులో, గంటసేపు కూర్చున్నారు. నేను చివరి సంతకం పెట్టేదాకా ఉన్నారు.

ఇప్పుడు ఆయనకి వినబడదు. నాలుగేళ్ల కింద మొదలై, ఇప్పుడు మిషను పెట్టినా అంతంతమాత్రమే. వయసు వల్లే అన్నారు డాక్టరు. నేను మా ఊరు తిరిగి వెళ్లిపోయాను. ఫోన్ ఎలా అని బెంగపడ్డాను. వాళ్లబ్బాయి సెల్లులో ఏదో మార్చాడు, రింగయితే వెనకాల లైటు టపటపా వెలుగుతుంది. రోజూ సాయంత్రం ఏడింటికి నేను చేస్తాను. అక్కడ దీపం వెలుగుతుంది. ఎత్తి, “రాజమండ్రి” అంటారు. నా మాట ఆయనకి అందదు, ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయనే మాట్లాడతారు. గోదావరి ఎంత ఉంది, రేవులో ఇసుక ఎంతవరకు బయటపడింది, ఏం వండుకున్నారు, ఆవ ఎప్పుడు కలిపారు. నేను వింటాను. కాసేపయ్యాక “ఉంటాను అమలాపురం” అని పెట్టేస్తారు. ఒక్కరోజు తప్పలేదు. గురువుగారు ఒకసారి జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా దీపం చూసి ఎత్తారు. ‘రాజమండ్రి’ అని మాత్రం అని, ఊపిరి తీసుకుంటూ ఉండిపోయారు.

ఈ ప్రసంగం మొత్తం పెద్ద అక్షరాల్లో రాసి ఇందాకే ఆయనకి ఇచ్చాను. నా కంటే ముందు పేజీలో ఉన్నట్టున్నారు, తల అడ్డంగా ఊపుతున్నారు. ఊపండి గురువుగారూ. నేను రాసింది మార్చను. ఇన్నేళ్లలో మీకు ఒక్కసారి కూడా ఎదురుగా చెప్పలేదు, గోడవైపు తిరిగి కూడా చెప్పలేదు. మీరు లేకపోతే మా అమ్మానాన్నా ఆ రాత్రి ఆ లంకలోనే ఉండేవాళ్లు. మీరు లేకపోతే నేను ఏడుస్తున్న మనిషి లైను లాగేసే ఉద్యోగినే అయి ఉండేవాణ్ణి. మీకు నా నమస్కారం.

నిన్న ఫోన్‌లో చివర్న ఒక మాట అన్నారు, వచ్చేటప్పుడు లేత పనసకాయ ఒకటి తెమ్మని. ఇది కాగితంలో రాయలేదు, పొద్దున బయల్దేరేటప్పుడు కోసింది. బాబూ, నువ్వే, ఆయన పక్కన కూర్చున్న అబ్బాయీ, కొంచెం రాసి చూపించు. తెచ్చాను, సంచి గుమ్మం పక్కన ఉంది అని రాయి.